భయాన్ని గీసిన చేతులు



విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని, చేత కత్తి పట్టుకుని నడిచే బొమ్మను మీలో చాలామంది చూసే ఉంటారు. చందమామలో బేతాళ కథలకు ఏళ్ల తరబడి వచ్చిన ఆ బొమ్మ శంకర్ గారిది. బొమ్మ గుర్తున్నంతగా గీసినవారి పేరు గుర్తుండదు. ఈనాటి మన ప్రసంగం అలాంటి చిత్రకారుల గురించే. అయితే వీరు మన దేశంవారు కారు. 1950లలో అమెరికాలో భయానక కామిక్సు గీసినవారు.

న్యూయార్కులోని ఇ.సి. కామిక్స్ అనే చిన్న సంస్థ 1950లో మూడు భయానక పత్రికలు మొదలుపెట్టింది. వాటిలో 'టేల్స్ ఫ్రమ్ ది క్రిప్ట్' పేరు మీరు విని ఉండవచ్చు. వెల పది సెంట్లు. కథలు చాలావరకు ఒకే మూసలోవి: పాపం చేసినవాణ్ణి చివరకు శవమే లేచి వచ్చి శిక్షిస్తుంది. కథ కోసమైతే వాటిని ఇప్పుడు తెరవనక్కరలేదని నా అభిప్రాయం. బొమ్మల కోసం తెరవాలి.

గ్రాహమ్ ఇంగెల్స్ అనే ఆయన 'గాస్ట్‌లీ', అంటే 'భయంకరుడు', అని సంతకం చేసేవారు. ఆయన గీత తడిసినట్లుంటుంది. జుట్టు, చిరిగిన బట్టలు, నోటి నుంచి జారే చొంగ, అన్నీ కిందికి కారుతుంటాయి. గోడ కూడా కుళ్ళిపోతున్నట్లే కనిపిస్తుంది. కుళ్ళినదాన్ని చూడగానే వెనక్కి తగ్గడం మనిషికి రోగాల నుంచి రక్షణ. ఇంగెల్స్ ఆ స్పందనను ఉత్త నల్ల సిరాతో తట్టిలేపారు.

ఇక రంగులు. ఆ సంస్థ పుస్తకాలకు రంగులు నిర్ణయించింది మేరీ సెవెరిన్. ఆమె పేరు చాలాకాలం ఎవరికీ పట్టలేదు. నలుపు కాక ఆమెకున్నవి మూడే సిరాలు: పసుపు, మెజెంటా, సయాన్. ఒక్కొక్కదాన్ని అసలు వేయకపోవచ్చు. లేదా 25, 50, 100 శాతాలలో వేయవచ్చు. నాలుగును మూడుసార్లు హెచ్చించండి: 64 రంగులు. నాసిరకం కాగితం మీద చిన్న చిన్న చుక్కలుగా అచ్చయిన సిరాలను కలిపి రంగుగా చూసేది మన కన్నే. బొమ్మ మరీ ఘోరంగా ఉందనిపిస్తే సెవెరిన్ దాని మీద ముదురు నీలం పరిచేసేవారు. నెత్తురు మరుగున పడేది. నన్నడిగితే భయం మాత్రం పెరిగేది!

1954లో ఫ్రెడ్రిక్ వర్థమ్ అనే మనోవైద్యుడు, కామిక్సు పిల్లలను నేరస్థులుగా మారుస్తున్నాయని ఒక పుస్తకం రాశారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. హార్లెమ్‌లో పేద నల్లజాతివారి కోసం వైద్యశాల నడిపిన వ్యక్తి. కాని ఆయన వాదన చూడండి. నేరం చేసిన పిల్లలు కామిక్సు చదివారన్నారు. సరే, నేరం చేయని పిల్లలో? వారూ చదివారు! పోల్చి చూడటానికి రెండో జట్టు లేని పరిశీలన ఏమి నిరూపిస్తుంది? ప్రయోగశాలలో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థీ అడగవలసిన ప్రశ్న ఇది. అంతకన్నా విచారకరమైన విషయం 2012లో బయటపడింది. వర్థమ్ కాగితాలను పరిశీలించిన కరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు, ఆయన పిల్లల వయసులు మార్చారనీ, ఒకరి మాటలను మరొకరి మాటలతో కలిపారనీ చూపించారు.

ఆ సంగతి తేలేసరికి దాదాపు అరవై ఏళ్లు గడిచాయి. 1954లోనే సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ఆ ఏడాదే ప్రచురణకర్తలు భయపడి తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. పత్రిక పేరులో 'హారర్', 'టెర్రర్' అన్న మాటలు ఉండరాదన్నారు. ఇ.సి. భయానక పత్రికలు ఆగిపోయాయి. ఇంగెల్స్ ఫ్లోరిడా వెళ్లి చిత్రలేఖనం నేర్పుకుంటూ బతికారు. పాత పని గురించి మాట్లాడటానికి ఇష్టపడలేదు. ఆ నియమావళిని చివరి సంస్థలు వదిలేసింది 2011లో.

ఆ గడ్డురోజుల్లోనే, 1955లో, ఇ.సి. వారి 'ఇంపాక్ట్' తొలి సంచికలో బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్ 'మాస్టర్ రేస్' గీశారు. నాజీ శిబిరపు జ్ఞాపకాలు వెంటాడే మనిషి కథ అది. ఆయనకిచ్చింది ఆరు పుటలు. చాలవని పోరాడి ఎనిమిది సాధించారు. గడులను కత్తిరించి, సన్నని ముక్కలుగా మళ్లీ అమర్చారు. భూగర్భ రైలు దూసుకుపోతుంటే కిటికీలోని ఒకే ముఖం పక్కపక్కనే పలుమార్లు కనిపిస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సు శరీరశాస్త్రజ్ఞుడు మారే, కదిలే ప్రాణిని ఒకే పలక మీద వరుసగా ఫొటో తీశాడే, అదే పద్ధతి. క్షణాన్ని కోసి పరచడమన్నమాట.

క్రిగ్‌స్టీన్‌కు కామిక్సులో ఆ తరువాత అటువంటి అవకాశం రాలేదు. న్యూయార్కులో ఒక ఉన్నత పాఠశాలలో రెండు దశాబ్దాలు చిత్రలేఖనం బోధించి, 1990లో మరణించారు. 'మాస్టర్ రేస్' పునర్ముద్రణలలో దొరుకుతుంది. చేతికొస్తే, మొదటిసారి మాటలు చదవకండి. చివర రైలు వెళ్ళే గడుల దగ్గర ఆగి, ఒక్కొక్క గడి ఎంతసేపు సాగిందో అంచనా వేయండి.