కొనువాడు లేని బేరము



శివనాగేశ్వరరావు దర్శకత్వమున, రామగోపాలవర్మ నిర్మాణమున 1993లో ‘మనీ’ చిత్రము వెలువడినది. కథాబీజము 1986 నాటి అమెరికా చిత్రము ‘రూత్‌లెస్ పీపుల్’ది, పంట మాత్రము హైదరాబాదు నేలది. ఉద్యోగము లేని యువకు లిద్దరు ఒక గృహస్థుని భార్యను అపహరించి సొమ్ము కోరుదురు. ఆమె తిరిగి రాకుండుటయే భర్త కోరిక! పసుపు బేరము లెరిగిన దొంకేశ్వర్ వాసులకు ఈ చిక్కు విడమరచి చెప్పనక్కరలేదు: సరకు చేతనున్నది, కొనువాడు లేడు. బెదిరింపవచ్చినవారే బెంబేలు పడుదురు. ప్రేక్షకులు విరగబడి నవ్వుదురు. కాని తాళి కట్టినవాడు తనకై కాసైన నీయడని ఆ యిల్లాలికి తెలిసినపుడు ఆ నవ్వు గొంతున చిక్కుకొనును. జయసుధ ఆ ఘట్టమును తేలిపోనీయలేదు. ఇక సినీనాయకుడు కావలెనని కలలుగను రౌడీగా బ్రహ్మానందము! పొగడ్తకే కరగిపోవు ఆ ఖాన్‌దాదాకు పసిపిల్లలైనను భయపడరు.