బస్సు పడనివారికీ, ఎత్తు చూసి వణికేవారికీ



వేసవి సెలవులు వచ్చాయంటే మన వేంపల్లె నుండి ఎన్నో కుటుంబాలు ప్రయాణం కడతాయి. కొందరు గండికోటలో పెన్నా లోయ చూడబోతారు. కొందరు రాయచోటి, మదనపల్లె మీదుగా హార్స్‌లీ కొండకు వెళ్తారు. 1870 ప్రాంతంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్స్‌లీ వేసవి కోసం అక్కడ ఇల్లు కట్టుకున్నందున ఆ కొండకు ఆయన పేరు వచ్చింది. అయితే చాలా ఇళ్లలో ఒకరుంటారు. "మీరు పోయి రండి, నాకు బస్సు పడదు" అని గడప దగ్గరే ఆగిపోతారు. విహారానికే కాదు, కూతురి కాన్పుకు, తమ్ముని ఇంట పెళ్లికి కూడా వెళ్లలేనివారు వీరిలో ఉన్నారు. నేటి మాట ముఖ్యంగా మీకోసమే.

మొదట ఒక సంగతి తెలుసుకోండి. ఇది మీ పిరికితనం కాదు, మీ విశ్వాసంలో కొదువ అంతకంటే కాదు. మన చెవి లోపల ద్రవం నిండిన మూడు సన్నని గొట్టాలున్నాయి. శరీరం తిరిగినప్పుడు ఆ కదలికను అవి మెదడుకు తెలుపుతాయి. ఘాట్ రోడ్డులో మీరు తల వంచుకొని కూర్చుంటే కన్ను "కదలడం లేదు" అంటుంది, చెవి "తిరుగుతున్నాము" అంటుంది. ఈ తగవులో నుండే వికారం పుడుతుంది. 1805లో ట్రఫాల్గర్ యుద్ధం గెలిపించిన బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్‌కు సైతం సముద్ర ప్రయాణం పడేది కాదు!

మరి బస్సు నడిపే డ్రైవరుకు ఎందుకు వాంతి రాదు? రాబోయే మలుపు అతనికి ముందే తెలుసు గనుక. మీరూ అలాగే చేయండి. ముందు సీట్లలో కూర్చోండి. దూరంగా ఉన్న కొండను చూడండి. పుస్తకం, ఫోను పక్కన పెట్టండి. ఖాళీ కడుపుతోనూ, నిండు కడుపుతోనూ ఎక్కవద్దు. మాత్ర వేసుకునేవారు బయలుదేరకముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక దాని వలన మేలు తక్కువ. కొన్ని మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. గర్భిణులు, పిల్లలు, వేరే మందులు వాడేవారు డాక్టరును అడగనిదే వేసుకోకూడదు.

ఇక కొండ మీదికి చేరాక ఇంకొక పరీక్ష. ఈ రోజుల్లో విహార స్థలాలలో జిప్‌లైన్ అనే ఆట వచ్చింది. విశాఖపట్నం కైలాసగిరి మీద కూడా ఉంది. ఎత్తైన చోటు నుండి పల్లపు చోటుకు ఉక్కు తాడు కడతారు. నడుముకు, తొడలకు పట్టీలు బిగించి, తాడు మీద దొర్లే కప్పీకి మిమ్మల్ని తగిలిస్తారు. మీ బరువే మిమ్మల్ని అవతలికి తీసుకుపోతుంది. పిల్లలు "రా అమ్మా, రా నాన్నా" అని పిలుస్తుంటారు. మీ కాళ్లు మాత్రం వణుకుతుంటాయి. నిజానికి బస్సు పడని చాలామందికి ఇది అంత కష్టం కాదు. మలుపులు లేవు, పోయే చోటు కంటికి కనబడుతుంది, ఒకటి రెండు నిమిషాలలో అయిపోతుంది.

శ్రోతలారా, పౌలు కూడా ఒకసారి తాడును నమ్ముకొని దిగినవాడే. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దమస్కు గోడ మీద నుండి శిష్యులు రాత్రివేళ ఆయనను గంపలో దించారు. గంపలో కూర్చున్నవానికి చేతిలో ఏమీ లేదు, కాని పైన తాడు పట్టుకున్నవారు ఎవరో ఆయనకు తెలుసు. అలాగే మీరూ ముందు అడిగి తెలుసుకోండి. పట్టీ ఎవరు బిగించారు? రెండవసారి ఎవరు సరిచూశారు? ఒక తాడు జారితే ఇంకొకటి ఉందా? చివర ఆపేది ఏది? వారు విసుక్కుంటే తిరిగి రండి. ఓపికగా చూపిస్తే, వణుకుతూనే అయినా వెళ్లండి. ధైర్యమంటే వణుకు లేకపోవడం కాదు.

అయితే వద్దనుకోవడానికీ మీకు హక్కు ఉంది. గుండె జబ్బు, మూర్ఛ, వెన్ను నొప్పి ఉన్నవారూ, గర్భిణులూ దూరంగా ఉండటమే మంచిది. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నప్పుడు మన ప్రభువు దూకలేదు. ఎవరో సవాలు చేశారని దూకడం విశ్వాసం కాదని ఆయన చూపించాడు.

చివరిగా, తోటి ప్రయాణికులారా, వాంతి చేసుకునేవారిని చూసి నవ్వకండి. కిటికీ పక్క సీటు వారికివ్వండి, దారిలో రెండుసార్లు బండి ఆపించండి. ఆ చిన్న ఉపకారం వలన ఒక తల్లి ఎన్నో ఏండ్ల తరువాత తన కూతురి గడప తొక్కగలదేమో!

మీ ప్రయాణము క్షేమముగా సాగును గాక. ఆమేన్.