పాశ్చాత్య గీతములలో మార్జాలము



పిల్లిని గూర్చి ఉపన్యాసమా యని కొందఱు నవ్వుకొనవచ్చును. కాని తెలుగువారి పలుకుబడిలో పిల్లికి చోటు తక్కువ కాదు. పిల్లి శాపములకు ఉట్లు తెగవని పెద్దలు ధైర్యము చెప్పిరి. నిలుకడలేక తిరుగువానిని కాలు గాలిన పిల్లితో పోల్చిరి. ఈ మాటలలో పిల్లి వంకతో చెప్పినది మనిషి కథయే. పాశ్చాత్య దేశముల జనరంజక గీతములలోను పిల్లి మొదట నవ్వించుటకును, పిమ్మట మనిషికి మాఱువేషముగను వచ్చినది. కాని ఒకటి రెండు పాటలలో ఆ నవ్వు మాని, వినువారి కంట తడిపెట్టించినది. ఆ మార్పు ఎట్లు వచ్చెనో చూచుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

ఐరోపా సంగీతసభలలో వినోదమునకై పాడు యుగళగీత మొకటి కలదు. దాని సాహిత్యమంతయు ఒక్క మాటయే: మ్యావు. ఇద్దఱు గాయనీమణులు గంభీరముగా వేదికపై నిలిచి, ఆ ఒక్క మాటతోడనే అలుగుదురు, వాదులాడుదురు, మరల కలిసిపోవుదురు. ఇది ఇటలీ స్వరకర్త రొస్సీనీ రచన యని లోకమున ప్రతీతి. నిజమునకు ఆయన ‘ఒథెల్లో’ సంగీతనాటకము నుండి కొంత గైకొని, 1825లో బెర్తోల్డ్ అను పేరుతో వెలువరించిన కూర్పు ఇది. ఆ పేరు చాటున నున్నవాడు పియర్సాల్ అను ఆంగ్ల స్వరకర్త యని పలువురి అభిప్రాయము.

1893లో అమెరికా రచయిత హారీ మిల్లర్ ‘ది క్యాట్ కేమ్ బ్యాక్’ అను పాటను ప్రకటించెను. జాన్సన్ అను వృద్ధునికి ఒక పిల్లి కలదు. దానిని వదలించుకొనుటకు జరుగని ప్రయత్నము లేదు. బెలూను ఎక్కి ఆకాశమునకు పోవువానికి దాని నప్పగించిరి, ఫలము లేదు. పొరుగువాడొకడు తుపాకిలో మేకులును డైనమైటును దట్టించి కాచుకొని యుండెను. తుపాకి పేలి తునకలైనది ఆ మనిషియే! పిల్లి మాత్రము యథాప్రకారము ఇంటికి చేరెను. తొలి ముద్రణమున ఈ పాట నల్లజాతివారి ఉచ్చారణను వెక్కిరించుచు వ్రాయబడినది. కాలక్రమమున పిల్లలు పాడుకొను పాటగా మాఱినపుడు ఆ మచ్చ తొలగి, కథ మిగిలినది. 1988లో కెనడా జాతీయ చలనచిత్ర సంస్థ దీనినే చిన్న బొమ్మల చిత్రముగా తీయగా, అది ఆస్కార్ బహుమానమునకు ప్రతిపాదింపబడెను. ఒక శతాబ్దమునకు పైగా ఈ పాట బ్రతుకుటకు కారణము తెలియనిది కాదు. వలదని వెళ్లగొట్టినను ‘ఇది నా ఇల్లు’ అని తిరిగి వచ్చు ప్రాణిని చూచి నవ్వని వారును, లోలోపల మెచ్చుకొనని వారును ఉండరు.

తరువాత జాజ్ యుగము వచ్చినది. 1921లో జెజ్ కాన్‌ఫ్రీ అను అమెరికా పియానో విద్వాంసుడు ‘కిటెన్ ఆన్ ది కీస్’ అను వాద్యరచన చేసెను. పియానో మెట్లపై నడచిన పిల్లి అడుగుల సవ్వడియే దానికి ప్రేరణ యని చెప్పుదురు. ఆ కాలముననే జాజ్ వాద్యకారులు ఒకరినొకరు ‘క్యాట్’ అని పిలుచుకొనసాగిరి. రాత్రులు మేలుకొని, ఎవరికిని లొంగక, తన తాళమునకు తాను నడచువాడని దాని భావము. 1970లో వెలువడిన డిస్నీ వారి ‘అరిస్టోక్యాట్స్’ చిత్రములో, ప్రతివారును పిల్లి కాగోరుదురను పాట ఈ చమత్కారము మీదనే నిలిచినది. 1981లో ‘స్ట్రే క్యాట్స్’ అను అమెరికా వాద్యబృందము, చేత కాసు లేకున్నను మీసము దువ్వుచు సందులలో తిరుగు పోతుపిల్లిని పాడి పేరు గాంచెను. ఈ పాటలలో తోక పిల్లిది, మనసు మనిషిది.

ఈ మాఱువేషము ఎల్లప్పుడును నిరపాయకరము కాదు. 1955లో డిస్నీ వారి ‘లేడీ అండ్ ది ట్రాంప్’ చిత్రములో రెండు సయామ్ పిల్లులు పాడు పాట కలదు. పెగ్గీ లీ అను ప్రసిద్ధ గాయని సహరచయిత్రియై, రెండు గొంతులను తానే పలికెను. స్వరము మనోహరము. కాని ఆ పిల్లులు వంకర ఉచ్చారణతో, వంచనతో, పరుల ఇంట చొరబడు ఆసియావాసులుగా చిత్రింపబడినవి. 2019లో ఆ చిత్రమును తిరిగి తీసినపుడు ఆ పాటను తొలగించి వేఱొక పాటను చేర్చిరి. నవ్వు ఎవరిని చూచి వచ్చుచున్నదో వినువారు విచారించుకొనవలెను.

ఇక ‘మెమరీ’ అను పాట. నోబెల్ బహుమాన గ్రహీత టి. ఎస్. ఎలియట్ 1939లో పిల్లలకై పిల్లుల పద్యముల పుస్తకమొకటి ప్రకటించెను. దానికై తలపెట్టిన ఒక పద్యమును మాత్రము, బాలలకు మిక్కిలి దుఃఖకరమని, పూర్తిచేయక విడిచెను. గ్రిజబెల్లా అను ముసలి పిల్లి కథ యది. ఒకప్పుడు సౌందర్యగర్వముతో వెలిగి, పిదప చిరిగిన చర్మముతో వీథుల పాలైన పిల్లి. ఎలియట్ 1965లో గతించిన పిమ్మట ఆ కొలది పంక్తులను ఆయన భార్య వాలెరీ భద్రపఱచి, స్వరకర్త ఆండ్రూ లాయిడ్ వెబర్ చేతికిచ్చెను. అప్పటివరకు వేఱువేఱు పద్యములుగా నున్న వానికి అందుతో ఒక కథ దొరికినది. ‘క్యాట్స్’ నాటకము 1981 మే 11న లండన్‌లో ప్రారంభమైనది. గ్రిజబెల్లా పాత్రధారిణి జూడీ డెంచ్ అభ్యాసములలో గాయపడగా, ఎలైన్ పేజ్ ఆ పాత్ర ధరించెను. ఎలియట్ యౌవనమున వ్రాసిన వేఱొక కవిత నాధారముగా గొని దర్శకుడు ట్రెవర్ నన్ ‘మెమరీ’ని రచించెను.

నాటకమున తక్కిన పిల్లులన్నియు తమ తమ ప్రతాపములను పాడును. గ్రిజబెల్లా దగ్గఱకు రాగానే అన్నియు ప్రక్కకు తొలగును. ఆమె కోరునది అన్నము కాదు, ఆశ్రయము కాదు. ఎవరైన ఒక్కసారి తనను తాకవలెనని. ఆమె పాట ముగిసిన పిదప ఆ పిల్లులు చేయి చాచును; పునర్జన్మకు ఆమెనే ఎన్నుకొనును. లండన్‌లో 21 సంవత్సరములలో 8,949 మారులు, న్యూయార్కులో 7,485 మారులు ఈ నాటకము ప్రదర్శింపబడెను. పిల్లలు సహింపలేరని కవి దాచినదానినే లోకము మరల మరల వినగోరెను.

కడపటి పాట గాయకుని జీవితముతో మన దేశమునకును సంబంధము కలదు. క్వీన్ బృందపు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరూఖ్ బల్సారా. 1946లో జాంజిబారున పార్సీ కుటుంబమున జన్మించెను. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయమున కాషియరు. ఎనిమిదేండ్ల ప్రాయముననే బాలుని మహారాష్ట్రములోని పంచగనికి, వసతి పాఠశాలకు పంపిరి. ఇల్లు విడిచి పెరిగిన ఈ బాలుడు పెద్దవాడై, వేలకొలది జనులు క్రిక్కిఱిసిన మైదానములను పాటతో కదలించెను. లండన్‌లోని ఆయన ఇంట మాత్రము ఎప్పుడును పిల్లులుండెడివి. దూరదేశములకు పోయినపుడు ఫోనులో వానితో మాటలాడెడివాడని సన్నిహితులు చెప్పిరి. 1985లో వెలువడిన తన స్వంత గీతసంపుటిని తన పిల్లులకే అంకితమొనర్చెను.

1991 ఫిబ్రవరిలో వెలువడిన ‘ఇన్యుఎండో’ సంపుటిలో ‘డిలైలా’ అను పాట కలదు. డిలైలా ఆయన పెంచిన ఆడుపిల్లి. వెలగల కుర్చీలను పాడుచేసినందుకు ఆయన దానిని ముద్దుగా మందలించును. దిగులు పడిన వేళ నవ్వించినందుకు మెచ్చుకొనును. బ్రయన్ మే గిటారు చేతనే మ్యావుమనిపించెను. గొప్ప పాట యని విమర్శకులు దీనిని పొగడరు. కాని ఇది పాడునాటికి ఆయన ఎయిడ్స్ వ్యాధితో క్షీణించుచుండెను. మేనెలలో కడసారి కెమెరా ముందు నిలిచినపుడు, తన పిల్లుల బొమ్మలు చిత్రించిన చొక్కాకోటును ధరించెను. నవంబరు 24న మరణించెను. ఇక్కడ పిల్లి ఉపమానము కాదు, మాఱువేషము కాదు, పిల్లి పిల్లియే. మనిషి కీర్తిని ఎఱుగక, రోగమునకు వెఱవక, ఒడిలో వచ్చి కూర్చుండిన ప్రాణికి చెప్పిన కృతజ్ఞతయే ఆ పాట.

ప్రభుత్వోద్యోగుల కుటుంబములకు ఈ సంగతి విడమఱచి చెప్పనక్కఱలేదు. బదిలీ ఉత్తర్వు వచ్చినపుడు సామాను లారీ కెక్కును. పిల్లలు బండి కెక్కుదురు. పెరటిలో పాలు త్రాగిన పిల్లి గోడమీద నిలిచి చూచును. కుక్క మనిషిని వెంబడించును, పిల్లి ఇంటిని పట్టుకొని యుండును. ఆ సాయంకాలము బండిలో ఏ పిల్లవాడైన ఊరక కన్నీరు పెట్టుకొనిన, పిల్లికొఱకు ఏడ్పా యని పెద్దలు గద్దింపకుందురు గాక. ఒక మహాకవి దాచిన పద్యమును, ఒక గాయకుడు మరణమునకు ముందు పాడిన పాటయు ఆ కన్నీటి భాషలోనివే.