మడి వేరు, పరిశుద్ధత వేరు

(ఇందుకూరుపేటలో వాడల నుంచి వచ్చిన సంఘస్తులు, కార్యకర్తల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కూలి రేట్ల మీటింగుకు రమ్మని మేము ఇంటింటికీ తిరుగుతుంటే ఒక అక్క ఇట్టా అనింది: "పరిశుద్ధంగా బతికేవాళ్లు ఇట్టాంటి లోక సంబంధమైన పనుల్లోకి పోగూడదంట నాయనా. మా పాస్టరయ్య చెప్పుండాడు." ఆ అక్క మీద మాకు కోపం రాలేదు. దేవుడంటే భయభక్తులు గల మనిషి ఆమె. పొద్దుగాల నాలుగింటికి లేచి ప్రార్థన చేసుకుని నాట్లకు పోతుంది. కానీ ఆమె చేతికి అందిన పరిశుద్ధత ఎవరిది? బైబిలుదా, లేక ఊరి పెద్దలదా? ఈ రోజు ఈ ఒక్క సంగతే మీతో మాట్లాడాలనుకున్నాం.

పరిశుద్ధత అంటే ప్రత్యేకించబడటం అని బోధకులు చెప్తారు. నిజమే. హెబ్రీ భాషలో ఆ మాటకు అర్థం అదే. అయితే ఎవరి నుంచి ప్రత్యేకం? ఎందుకోసం ప్రత్యేకం? ఇక్కడే మనం దారి తప్పుతున్నాం.

మన ఊళ్లలో "ప్రత్యేకం" అనేది మనకు కొత్త కాదు. దానికి మడి అని పేరు. మడి కట్టుకున్నవాడు మన నీడ పడితే స్నానం చేశాడు. మనం తాగిన గ్లాసును హోటల్లో విడిగా పెట్టాడు. మనల్ని ఊరవతల ఉంచాడు. తాను శుద్ధంగా ఉండాలంటే ఇంకొకణ్ణి అశుద్ధుణ్ణి చేయాలి, అదీ మడి ధర్మం. యెషయా గ్రంథం 65వ అధ్యాయం తీసి చదువుకోండి. ఎడంగా నిలబడు, దగ్గరికి రావద్దు, నీకంటే నేను పవిత్రుణ్ణి అనేవాళ్లను దేవుడు ఏమన్నాడు? నా ముక్కుకు పొగ లాంటివాళ్లన్నాడు. మడిని దేవుడు ఆనాడే ఛీ కొట్టాడు.

మరి దేవుడు కోరిన పరిశుద్ధత ఎట్టాంటిది? లేవీయకాండం 19వ అధ్యాయం చూడండి. నేను పరిశుద్ధుణ్ణి గనుక మీరూ పరిశుద్ధులై ఉండాలని మొదట్లోనే ఆజ్ఞ ఉంది. ఆ వెనక ఏముంది? పొలం అంచుల దాకా కోయవద్దు, రాలిన పరిగె పేదవాడికీ పరదేశికీ వదిలిపెట్టు. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు. తీర్పు చెప్పేటప్పుడు గొప్పవాడి ముఖం చూడవద్దు. తూకంలో, కొలతలో మోసం చేయవద్దు. ఇదంతా గుడిలో చేసేది కాదు. పొలం గట్టు మీద, కల్లంలో, పంచాయతీ అరుగు మీద చేసేది.

మన పెన్నా డెల్టాలో పరిగె ఏరి కడుపు నింపుకున్న అవ్వలు ఇంకా బతికే ఉన్నారు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చినాయి. వరి పొలాలు చాలాచోట్ల రొయ్యల గుంటలైనాయి. గుంటలో పరిగె ఏముంటుంది? బావుల్లో ఉప్పు మిగుల్తుంది. కూలి ఈ వారం కాదు వచ్చే వారం అంటారు. కూలి ఆ రోజే ఇమ్మని అడగటం లోక సంబంధమైన పని అయితే, దేవుడు ఆ మాటను పరిశుద్ధత అధ్యాయంలో ఎందుకు రాయించినట్టు?

ఇది మేము కొత్తగా కనిపెట్టిన బోధ కాదు. మన తాతముత్తాతలు బతికి చూపించిందే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మిషను పెట్టాడు. 1866లో క్లౌ దొర ఒంగోలు చేరాడు. ఒంగోలు అప్పుడు మన నెల్లూరు జిల్లాలోదే. అదే ఏడాది యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. తోళ్ల వ్యాపారం మీద తిరిగే పేరయ్య, తిరిగిన ప్రతి వాడలోనూ సువార్త చెప్పాడు. మాదిగల్ని చేర్చుకోకుంటే మేము వస్తామని ఒంగోలు పెద్ద కులాల వాళ్లు కొందరు బేరం పెట్టారు. క్లౌ దంపతులు ఒప్పుకోలేదు.

కొత్తగా చేరిన వాళ్లకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. వినటానికి ఇవి భక్తి నియమాలు. ఊళ్లో మాత్రం ఇవి తిరుగుబాటు అయినాయి. వెట్టి చేసే మాదిగ "ఆదివారం రాను" అన్నాడు. జాతరలో డప్పు కొట్టనన్నాడు. పెత్తందార్లకు మండింది. కొన్ని ఊళ్లలో వాళ్లను కొట్టారు, నీళ్లు తోడుకోనివ్వలేదు, అబద్ధపు కేసులు పెట్టారు. అయినా మనవాళ్లు లొంగలేదు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతి దినం ఎందుకని ఉంది? నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలని, నువ్వూ ఐగుప్తులో బానిసవేనని గుర్తుంచుకోమని. దినాన్ని పరిశుద్ధపరచడమంటే వెట్టివాడికి ఒక రోజు స్వాతంత్ర్యం. మన పూర్వీకులకు అక్షరం రాకపోయినా ఆ అర్థం తెలిసింది.

1876-78 నాటి ధాత కరువులో మన తీరం వెంబడి పోయే బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో క్లౌ కొన్ని మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. తిండి కోసం మతంలో చేరారనే మాట రాకూడదని కరువు పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ నీళ్లలో మునిగింది కూలి తిన్న కృతజ్ఞత కాదు, మేమూ మనుషులమే అనే తెలివిడి.

నీళ్లంటే కారంచేడు గుర్తుకొస్తుంది. 1985 జూలై 16న, మనవాళ్లు తాగే చెరువు నీళ్లను గేదె కుడితి బకెట్టు కడిగి పాడుచేస్తుంటే ఒక మాదిగ కుర్రవాడు వద్దన్నాడు. అతణ్ణి కొట్టబోతే నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడి బిందె ఎత్తింది. మర్నాడు వాడ మీద పడి ఆరుగుర్ని చంపారు. మడి కట్టుకునే ఊరికి మన తాగునీళ్లు మురికి చేయటం తప్పనిపించలేదు. నీళ్లను శుభ్రంగా ఉంచమని నిలబడింది మాత్రం సువార్త అనే పేరు పెట్టుకున్న మాదిగ ఆడబిడ్డ. ఆ బిందె ఎత్తటం పరిశుద్ధ కార్యం కాదని ఎవరైనా అనగలరా?

యేసయ్యను చూడండి. కుష్ఠురోగిని ముట్టుకున్నాడు. రక్తస్రావం ఉన్న ఆమె ముట్టుకుంటే మైలపడ్డానని అనలేదు, "కుమారీ" అని పిలిచాడు. మడి ముట్టుకుంటే చెడిపోతుంది. యేసు పరిశుద్ధత ముట్టుకుని బాగుచేస్తుంది. హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది. తన రక్తంతో ప్రజల్ని పరిశుద్ధపరచటానికి ఆయన గవిని బయట శ్రమపడ్డాడంట. మనమూ ఆయన దగ్గరికి బయటికే పోవాలంట. గవిని బయట అంటే ఊరి బయట. మన భాషలో చెప్పాలంటే వాడ. ఊరు అపవిత్రమని వెలివేసిన చోటే దేవుడు జనాన్ని పరిశుద్ధపరిచాడు.

అంటే స్వంత నడవడి ముఖ్యం కాదని మేము అనటం లేదు. తాగి పెండ్లాన్ని కొట్టేవాడు సంఘంలో ఉన్నా, చర్చిలో ఉన్నా పరిశుద్ధుడు కాడు. మన జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా పోరాటం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం తెచ్చింది. అది ఇంటినీ, ఊరినీ, ప్రభుత్వాన్నీ కలిపి కడిగిన పని. పరిశుద్ధ జీవితం గురించి జీవితమంతా బోధించిన జాన్ వెస్లీ 1791లో చనిపోయే ముందు రాసిన ఉత్తరం బానిస వ్యాపారాన్ని ఎదిరించే విల్బర్‌ఫోర్స్‌కు ధైర్యం చెప్తూ రాసింది. మారుమనసు ఒకనాడు మొదలవుతుంది, పరిశుద్ధపరచబడటం రోజూ జరగాలి. బట్ట ఉతికినట్టు, మళ్లీ మళ్లీ.

ఇక మన సంగతికి వద్దాం. ఇది చేదుగా ఉంటుంది, అయినా చెప్పుకోవాలి. ఊరి మడిని తిట్టే మనం మన వాడలో మడి కట్టుకుంటున్నాం. మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు. ఒకే గిన్నెలో ప్రభువు రాత్రి భోజనం తీసుకుని, పిల్లనిచ్చేటప్పుడు కులం అడుగుతాం. గుంటల కాడ కాపలా ఉండే యానాది కుటుంబం ఆరాధనకు వస్తే వెనక గోడ దగ్గర కూర్చోబెడతాం. వాళ్ల ఇంట్లో మంచినీళ్లు తాగటానికి మనసు ఆడదు. బహిష్టు అయిన ఆడబిడ్డను బల్ల దగ్గరికి రానివ్వని చోట్లు కూడా ఉన్నాయి. యెషయా చెప్పిన పొగ మన నోట్లో నుంచి కూడా వస్తా ఉంది.

అందుకని ఈ సభలో మూడు పనులు అడుగుతున్నాం. మొదటిది, వచ్చే బల్ల ఆదివారం మాలలు, మాదిగలు, యానాదులు ఒకే వరుసలో కూర్చోవాలి, ఆరాధన అయినాక యానాదుల ఇంట వండింది అందరం తినాలి. రెండోది, కూలి ఏ రోజుది ఆ రోజు ఇవ్వాలని అడగటానికి పాస్టర్లు కూడా మనతో నడవాలి. మూడోది, ఆడబిడ్డను మైల పేరుతో ఆపే చోట ఆమెతో పాటు మనమూ బయటే నిలబడాలి.

ఆ అక్కను మళ్లీ కలుస్తాం. మీటింగుకు రమ్మని పిలుస్తాం, లేవీయకాండం ఆమె చేతే చదివిస్తాం. మీరూ మీ మీ వాడల్లో అట్టాంటి అక్కల్ని వదిలిపెట్టబాకండి. వాళ్ల ప్రార్థన మనకు కావాలి, మన పోరాటం వాళ్లకు కావాలి.

జై భీమ్.