చెఱసాలల భేదములు - గ్రామారోగ్యము

చెఱసాలకును మన గ్రామారోగ్యమునకును సంబంధమేమని మీరడుగవచ్చును. చెఱసాల గోడ మనుష్యుని నిలుపఁగలదు గాని రోగమును నిలుపఁజాలదు. ఆంగ్లదేశమున జాన్ హవర్డు 1773లో బెడ్‌ఫర్డు మండలమునకు షరీఫై, పెక్కు చెఱసాలలు తిరిగి చూచి, 1777లో ప్రకటించిన గ్రంథమున నీ సంగతినే చాటెను. అచ్చటి జైలుజ్వరము విడుదలైనవారి వెంట వారి యిండ్లకును పోవుచుండెడిది.

నేఁడు మనకు క్షయ యట్టిది. దానికి సాధారణముగా నాఱు నెలలు ఎడతెగక మందు తినవలయును. కాని చెఱసాలలన్నియు నొక్కరీతివి కావు. కడపవంటి కేంద్రకారాగారమున వైద్యసదుపాయ మెక్కువ. తాలూకా పట్టణముల సబుజైళ్లు చిన్నవి. సాధారణముగా నచ్చటి సర్కారు వైద్యుఁడు వచ్చి చూచిపోవలయును. ఖైదీ ప్రవేశించినపుడు పరీక్ష జరుగవలెనని 1894 నాఁటి చట్టమే విధించెను. ఆ పరీక్ష యెంత శ్రద్ధగా జరుగునో, రోగమంత త్వరగా బయటపడును.

2022 సంవత్సరాంతమున దేశమందలి 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణలో నున్నవారే. వీరు నేఁడొక జైలునందు, రేపు వేఱొక జైలునందు, ఎల్లుండి జామీనుపై నింట నుందురు. మనిషి కదలును, మందుచీటి కదలదు. నడుమ మందు తప్పిన రోగము మొండిదగును.

మన అమరాపురము కర్ణాటక సరిహద్దున నున్నది. రాజ్యాంగము కారాగారములను రాష్ట్రముల కప్పగించినది. కావున మన యూరివాఁడు మడకశిర దిక్కునఁ బట్టువడిన నొక రాష్ట్రపు జైలు, శిరా దిక్కునఁ బట్టువడిన మఱియొక రాష్ట్రపు జైలు. రోగ మొక్కటే, లెక్కపుస్తకములు వేఱు. అయినను క్షయరోగులకు 'నిక్షయ్' అను దేశవ్యాప్తమైన నమోదు 2012 నుండి కలదు. ఆ సంఖ్య తెలిసినచో నేవైపునైనను చికిత్స సాగింపవచ్చును.

నేరస్థున కింత యుపచారమేల యని కొందఱందురు. విచారణలో నున్నవాఁడు నేరస్థుఁడని యింకను తేలలేదు. తేలినను, న్యాయాధిపతి విధించునది నిర్బంధమే కాని రోగము కాదు. వెలుపలివారి కెట్టి వైద్యమో లోపలివారికి నట్టిదే యుండవలెనని ఐక్యరాజ్యసమితి 2015లో నిర్ణయించినది.

కావున నా మనవి యిది. జైలునుండి వచ్చినవానిని వెలివేయకుఁడు. వెలివేసిన దగ్గును దాఁచును. మందు తినుచుంటివా యని మెల్లగా నడుగుఁడు. చీటిని, సంఖ్యను భద్రపఱపించి, ఆరోగ్యకేంద్రమునకుఁ దోడ్కొనిపొండు. ఆతని యింటిలోని పిల్లలకును పరీక్ష చేయింపుఁడు. ఇది ఆతనికి దయ, మనకు రక్ష.