పూలకుండీ పేరు మార్చలేదు

పట్టాలు అందుకున్న మీ అందరికీ అభినందనలు.

మన పటాన్‌చెరు నుంచి బీహెచ్‌ఈఎల్ దాటి వెళితే లింగంపల్లిలో సురభి కాలనీ వస్తుంది. తరతరాలుగా నాటకమే బతుకైన కుటుంబాలు అక్కడున్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ ఆడించారు. ఆ రోజు మొదలైన నాటక సమాజమే సురభి.

సురభి నాటకానికి వెళితే హార్మోనిస్టు చేతులు గమనించండి. ఒక చేయి తిత్తి ఊపుతుంటుంది, ఇంకోటి మెట్ల మీద పరుగెడుతుంటుంది. నటుడు పద్యం చివర రాగం తీస్తే, ఎక్కడ మలుపు తిరుగుతాడో కనిపెట్టుకుని ఆ వేళ్ళు వెంట నడుస్తాయి. హార్మోనియం మన దగ్గర పుట్టలేదు. 1840లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. రంగుల తెరల పద్ధతి పార్సీ కంపెనీల నుంచి వచ్చింది. అరువు తెచ్చుకున్న పెట్టెతో మనవాళ్ళు తెలుగు పద్యం పలికించారు. 2013లో సురభి ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరానికి వెళ్ళి ఆడింది. హార్మోనియం పుట్టిన దేశం మన నాటకం చూసింది.

కొరియా వాళ్ళూ ఇలాగే బ్రాడ్‌వే మ్యూజికల్‌ను అందుకున్నారు. హత్యకు గురైన తమ రాణి కథను 1995లో ‘ది లాస్ట్ ఎంప్రెస్’గా ఆడి, 1997లో న్యూయార్క్ తీసుకెళ్ళారు. 2016లో సియోల్‌లో మొదలైన ‘మేబీ హ్యాపీ ఎండింగ్’లో రాజులూ రాణులూ లేరు. పాతబడిన రెండు రోబోల ప్రేమకథ అది. కొరియా రచయిత హ్యూ పార్క్, అమెరికా సంగీతకర్త విల్ ఆరన్‌సన్ కలిసి రాశారు. బ్రాడ్‌వేకి వెళ్ళి 2025లో ఉత్తమ మ్యూజికల్ సహా ఆరు టోనీ అవార్డులు గెలిచింది. ఇంగ్లీషులో ఆడినా కథ కొరియా దాటి అమెరికాకు మారలేదు. రోబో ప్రాణంగా చూసుకునే మొక్క పేరు ‘హ్వాబూన్’. కొరియన్‌లో పూలకుండీ అని అర్థం. బ్రాడ్‌వేలోనూ ఆ పేరు అలాగే ఉంచారు. ప్రేక్షకులే నేర్చుకున్నారు.

రేపు మీలో కొందరు పాశమైలారం ఫ్యాక్టరీల్లో చేరతారు, కొందరు సియోల్‌కో డల్లాస్‌కో వెళతారు. కొత్త పనిముట్టు ఏ దేశానిదైనా సురభి వాళ్ళలా చనువుగా చేతుల్లోకి తీసుకోండి. మీ పేరు పలకడానికి నోరు తిరగడం లేదని ఎవరైనా అంటే కత్తిరించుకోకండి. ఓపిగ్గా రెండుసార్లు పలికించండి. బయల్దేరే ముందు ఒక్క సాయంత్రం అమ్మానాన్నలతో కూర్చుని సురభి నాటకం చూడండి. పరాయి ఊళ్ళో ఎవరైనా మీ పాట ఏదని అడిగితే, చెవిలో మోగే పద్యం ఒకటి ఉండాలి.

శుభం భూయాత్.