తాళం వేయని బీరువాలు

(మహిళా సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్లలో దాచిన సమాచారం భద్రత గురించి మాట్లాడతానన్నప్పుడు, అది ఇంజనీర్ల వ్యవహారం కదా, మనకెందుకని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. ఒకప్పుడు ఇంట్లో జరిగే హింస గురించీ ఇలాగే అనేవారు. అది కుటుంబ వ్యవహారం, బయటివాళ్ళకెందుకు అని. ఒక విషయాన్ని పెద్దలకో నిపుణులకో వదిలేయమని మనకి చెబుతున్నారంటే అక్కడ అధికారానికి సంబంధించిన ప్రశ్న ఉందని మన ఉద్యమ అనుభవం చెబుతోంది.

ముందు ఈ ‘క్లౌడ్’ అంటే ఏమిటో చూద్దాం. పేరుకి మబ్బే గాని అందులో మబ్బేమీ లేదు. ఎక్కడో పెద్ద భవనాల్లో ఒక కంపెనీకి చెందిన వేలాది కంప్యూటర్లు ఉంటాయి. మనం అద్దె కట్టో ఉచితంగానో వాటిలో కొంత చోటు తీసుకుని కాగితాలు, ఫోటోలు, వాంగ్మూలాలు దాచుకుంటాం. అమెజాన్ 2006లో మొదలుపెట్టిన ఇలాంటి సేవలో ఆ చోటుని ‘బకెట్’ అంటారు. అందులో ఉన్నవాటిని ఎవరు చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్నది నిర్ణయించే ఏర్పాటు ఒకటి ఉంటుంది. అది ‘అందరికీ’ అని ఉండిపోతే దొంగ గోడకి కన్నం వేయక్కర్లేదు, చిరునామా దొరికితే చాలు. అలాంటి చిరునామాల కోసం ఇంటర్నెట్‌ని గాలించే ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు పనిచేస్తూనే ఉంటాయి. 2023 ఏప్రిల్ నుంచి అమెజాన్ కొత్త బకెట్లన్నిటికీ బయటివారిని అడ్డుకునే కట్టడిని తానే ముందుగా పెట్టి ఇస్తోంది. ఆ కట్టడిని తీసేసే వీలు మాత్రం వాడేవారి చేతిలోనే ఉంది.

తలుపు తెరిచి ఉంటే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలో జరిగినదాన్ని తీసుకుంటాను. అక్కడ ‘టీ’ అనే యాప్ ఉంది. తాము కలవబోయే మగవాడు హింసించే రకమా, పెళ్ళయి దాస్తున్నాడా అని స్త్రీలు ఒకరినొకరు అడిగి తెలుసుకోవడానికి పెట్టింది. మగవాళ్ళ ఫోటోలు వాళ్ళకి తెలియకుండా పెట్టడం న్యాయమా అన్న చర్చ వేరే ఉంది, అది అవసరమైన చర్చే. చేరేవారు నిజంగా స్త్రీలేనని తేల్చుకోవడానికి ఆ సంస్థ సెల్ఫీ అడిగింది. మొదట్లో గుర్తింపు కార్డు ఫోటో కూడా అడిగింది. 2025 జులైలో ఆ ఫోటోలున్న గిడ్డంగి ఎవరైనా చూడగలిగేలా తెరిచి ఉందని బయటపడింది. సుమారు 72,000 చిత్రాలు బయటికి పోయాయి. వాటిలో 13,000 దాకా సెల్ఫీలు, గుర్తింపు కార్డులే. స్త్రీద్వేషం పొంగిపొర్లే ‘ఫోర్‌చాన్’ అనే చోట వాటిని పంచుకున్నారు. ఆ ముఖాలకి మార్కులు వేసే ఆట కూడా తయారుచేశారు. కొద్ది రోజులకే 11 లక్షలకి పైగా సొంత సందేశాలు కూడా బయటివారికి అందేలా ఉన్నాయని తెలిసింది. వాటిలో గర్భస్రావం గురించి రాసుకున్నవీ ఉన్నాయి. 2022లో అక్కడి సుప్రీంకోర్టు గర్భస్రావానికి ఉన్న రాజ్యాంగ రక్షణని తీసేశాక చాలా రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి. అలాంటి చోట ఆ మాటలు బయటపడితే ఏమవుతుందో ఊహించండి.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. రక్షణ కావాలంటే ముందు నువ్వెవరో రుజువు చూపించు అని స్త్రీలనే అడిగారు. ఆ రుజువే వాళ్ళ మీదికి ఆయుధమైంది. బయటపడినవి పాత ఫోటోలని సంస్థ చెప్పుకుంది. పని తీరిపోయిన ఫోటోని ఇంకా ఎందుకు ఉంచారన్నదే అసలు ప్రశ్న.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణని నిషేధిస్తూ 1994లో వచ్చిన చట్టం మహిళా ఉద్యమాల ఒత్తిడితో వచ్చిందే. అది అమలు కావడం లేదని సెహత్, మాసుమ్ సంస్థలు, సాబు జార్జ్ కలిసి 2000లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ చట్టం కింద స్కానింగ్ చేసిన ప్రతిసారీ ఫారం ఎఫ్ నింపాలి. గర్భిణి పేరు, చిరునామా, ఎందరు పిల్లలు, స్కానింగ్ ఎందుకు చేశారు అన్నీ అందులో ఉంటాయి. వైద్యుల మీద నిఘా కోసం పెట్టిన ఫారం అది. 2019లో ఉత్తర భారతంలోని ఒక రాష్ట్ర ఆరోగ్య శాఖకి చెందిన డేటాబేస్ పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్నట్టు ఒక భద్రతా పరిశోధకుడు కనిపెట్టాడు. గర్భిణులకి సంబంధించిన కోటీ పాతిక లక్షల దాకా రికార్డులు అందులో ఉన్నాయి. కనిపెట్టాక దాన్ని మూయించడానికి మూడు వారాలు పట్టింది. తమ గర్భం వివరాలు అలా బయట పడి ఉన్నాయని ఆ స్త్రీలలో ఎందరికి కబురు అందింది?

ఇలాంటివి జరిగినప్పుడల్లా ‘మానవ తప్పిదం’ అనే మాట వస్తుంది. ఆ మానవుడు ఎవరు? తక్కువ జీతానికి, గడువు ఒత్తిడిలో, శిక్షణ లేకుండా పనిచేసిన ఆపరేటర్. ఇంత సమాచారం అడగాలని నిర్ణయించినవారు, భద్రతకి డబ్బు కేటాయించనివారు, ఎన్నాళ్ళు ఉంచాలో చెప్పనివారు ఆ మాట వెనక దాక్కుంటారు. కంచె కట్టినా తడిక పెట్టలేదంటే తప్పు పాలేరుది ఒక్కడిదే అవుతుందా?

చట్టం సంగతి. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత పద్దెనిమిది నెలలకి అమల్లోకి వచ్చేలా పెట్టారు. భద్రతా జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. అయితే ఆ జరిమానా ప్రభుత్వ ఖజానాకి వెళుతుంది. నష్టపోయిన స్త్రీకి పరిహారం ఇప్పించే ఏర్పాటు ఈ చట్టంలో లేదు. పైగా తనకి కావలసిన ప్రభుత్వ విభాగాలని మినహాయించే అధికారం కేంద్రానికి ఉంది. మనం వీటి గురించి పోరాడవలసి ఉంది.

ఆ పోరాటం చేసే మన సంస్థల్లో పరిస్థితి ఏమిటి? గృహహింస కేసుల కాగితాలు, అత్యాచార బాధితుల వాంగ్మూలాలు, హెచ్ఐవి ఉన్న స్త్రీల జాబితాలు ఇప్పుడు ఇనప బీరువాలో లేవు. గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి. ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అని పెట్టి వాట్సాప్ గ్రూపులో లింకు వేయడం సులువు. ఆ గ్రూపులోంచి అది ఎక్కడికి పోతుందో చెప్పలేం. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. ఆశ్రయ గృహం చిరునామా భర్త చేతిలో పడితే ఏమవుతుందో మీకు ఒకరు చెప్పాలా?

చేయగలిగిన పనులున్నాయి. మీ ఫోల్డర్ లింకుని మీ ఖాతాతో సంబంధం లేని వేరే ఫోన్‌లో తెరిచి చూడండి. తెరుచుకుంటే లోకమంతటికీ తెరుచుకున్నట్టే. మానేసి వెళ్ళిన కార్యకర్తలకి ఇంకా అనుమతి ఉందేమో చూడండి. ఖాతాకి పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధృవీకరణ పెట్టండి. కేసు కాగితంలో పేరు బదులు నంబరు రాసి, ఏ నంబరు ఎవరిదో విడిగా దాచండి. నిధులిచ్చే సంస్థ ఆధార్ నంబర్లతో జాబితా అడిగితే ఎందుకని అడగండి. కేసు ముగిశాక ఏ కాగితం ఎన్నాళ్ళు ఉంచాలో రాసిపెట్టుకోండి, గడువు దాటినవాటిని తీసేయండి. అన్నిటికన్నా ముందు, అవసరం లేనిది అడగకండి. మన దగ్గర లేనిది బయటికి పోదు.

ఈ సమావేశం తీర్మానాల్లో మూడు విషయాలు చేర్చాలని కోరుతున్నాను. సమాచారం బయటపడితే ముందుగా ఆ స్త్రీకి ఆమె భాషలో, ఆమెకి ప్రమాదం రాని పద్ధతిలో తెలియజేయాలి. ఆమెకి పరిహారం హక్కుగా ఉండాలి. ఆ హక్కు ప్రభుత్వ శాఖల మీద, కంపెనీల మీద, మన సంస్థల మీద కూడా సమానంగా చెల్లాలి. మూడోదానికి మనం ఒప్పుకోకపోతే మొదటి రెండూ అడిగే అర్హత మనకి ఉండదు. దీని మీద మీ అనుభవాలు, అభ్యంతరాలు వినడానికి సిద్ధంగా ఉన్నాను.